నేనూ విన్నానండి

కృపావతి ఆ ఊరొచ్చిన రోజునే బురదలో కూలబడింది.

పందొమ్మిదివందల యాభై ఒకటి, జూలై నెల. రాజోలుకి రెండు మైళ్ళ అవతల, కాలవ గట్టు మీదున్న పేటలో, మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో ఆమెకి టీచరు ఉద్యోగం వచ్చింది. కొత్తపేటలో పొద్దున్నే బయల్దేరి, రెండు పడవలు మారి, రాజోలులో దిగి నడుస్తోంది. ఒక చేతిలో ట్రంకు పెట్టె, రెండో చేతిలో గొడుగు. పడాలా వద్దా అన్నది వాన ఇంకా తేల్చుకోలేదు. గాలికి గొడుగు ముందుకి వంచుకుంది కాబట్టి ఆమెకి తన చెప్పులు తప్ప లోకంలో ఇంకేమీ కనబడటం లేదు.

ఎదురుగా ధాన్యం పడవ ఒకటి వస్తోంది. దాన్ని లాగే మనుషులిద్దరూ గట్టు పైపక్క నుంచి ఆమెని దాటిపోయేరు. వాళ్ళ వెనక పొడుగాటి తాడు సడలి నేల మీద పడి ఉంది. కృపావతి నీళ్ళ పక్కగా నడుస్తోంది. తాడు బిగిసిందంటే దారిలో ఉన్న మనిషిని కాలవలోకి ఊడ్చేస్తుందని ఆమెకి తెలీదు.

"తాడు!"

ఎవరిదో మగగొంతు. ఆలోచించే వ్యవధి లేదు. కృపావతి పైపక్కకి గెంతింది, జారింది, బురదలో కూర్చుండిపోయింది. అంతలోనే తాడు బిగిసి, ఆమె నిలబడ్డ చోట మోకాలెత్తున రయ్యిన పోయింది. గొడుగు కాలవలో పడి తేలుతూ వెళ్ళిపోయింది.

లేచి చూస్తే పది గజాల దూరంలో, గట్టెక్కించి పెట్టిన ఒక పడవ దగ్గర, పచ్చరంగు డబ్బా పట్టుకుని ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పడవకి పేరు రాస్తున్నాడు. నోరింకా తెరిచే ఉంది.

ఆ కేక వేసింది మీరేనా అండీ అని కృపావతి అడిగింది. అతను తలూపేడు. థాంక్స్ చెప్పింది. అతను ఆమెని చూస్తున్నాడు గానీ, ఇంకెక్కడో ఏదో వింటున్నట్టున్నాడు. యేసురత్నం మేష్టారి ఇల్లెటని అడిగితే కుంచెతో చూపించేడు. ఆ ఊపుకి కుంచె కొసన ఉన్న రంగు బొట్టు ఒకటి ఎగిరొచ్చి ఆమె కొత్త చీర మీద పడింది.

సారీ అంటాడేమోనని కృపావతి కొంచెంసేపు చూసింది. అతను నోరు తెరిచేడు, మూసేడు. ఈ ఊళ్ళో మర్యాద ఇంతే కాబోలనుకుని ఆమె పెట్టె ఎత్తుకుంది.

యేసురత్నం మేష్టారు ఆమెకి పెదనాన్న. రిటైరైన హెడ్మాష్టరు, చర్చిలో సంఘ పెద్ద. తల్లీ తండ్రీ పోయిన పిల్లని హాస్టల్లో పెట్టి ట్రైనింగ్ దాకా చదివించింది ఆయనే. సెలవులకి కూడా ఆయనే వెళ్ళి చూసొచ్చేవారు గానీ, ఆమె ఈ ఊరు రావడం ఇదే మొదలు. ఆ సాయంత్రం పెద్దమ్మ వేడినీళ్ళు తోడుతుంటే కృపావతి జరిగిందంతా నవ్వుతూ చెప్పింది. ప్రాణం కాపాడిన పెద్దమనిషికి ఒక్క సారీ చెప్పడానికి నోరు రాలేదని కూడా చెప్పింది.

పెద్దమ్మ చేతిలో చెంబు ఆగింది.

"పడవలకి పేర్లు రాసే కుర్రాడా? వాడు ఏసుపాదం. మూగవాడే తల్లీ."

"కాదు పెద్దమ్మా. తాడు అని అరిచేరు. నేను విన్నాను."

ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. దానమ్మ కొడుకు ఏసుపాదం తొమ్మిదో ఏట వరకూ గలగలా మాట్లాడేవాడట. ఆ ఏడు మెదడు జ్వరం వచ్చి ఇరవై రోజులు ఒళ్ళు తెలీకుండా పడుకున్నాడట. లేచేక అన్నీ మామూలే. వినబడుతుంది, తెలుస్తుంది, చదువుతాడు, రాస్తాడు. మాట మాత్రం పోయింది. ఇప్పటికి పదిహేనేళ్ళు. అరిచింది పడవ లాగేవాళ్ళై ఉంటారని పెదనాన్న అన్నారు. లాగేవాళ్ళు నా వెనకున్నారు, గొంతు ముందునుంచి వచ్చిందని కృపావతి అంది.

మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి ఆమెది భ్రమ అని చెప్పిపోయేరు. ఆమెకి ఇరవై ఒకటో ఏడు. ఊరు కొత్త, ఉద్యోగం కొత్త. పిల్లల తల్లుల ముందు పంతులమ్మ మాట ఉత్తదైపోవడం ఆమె భరించలేకపోయింది. నాలుగో రోజున, నేను అబద్ధమాడనండి, కావలిస్తే బైబిలు పట్టుకుని చెబుతాను అంది. పట్టుకుని చెప్పింది కూడా.

అప్పుడు నమ్మేరు. ఆమెని నమ్మేరు కాబట్టి ఏసుపాదాన్ని నమ్మడం మానేసేరు.

యేసురత్నం గారికి తగిలినది చిన్న దెబ్బ కాదు. జ్వరం తగ్గిన ఏడాది, మాట పోయినవాడికి రాతైనా ఉండాలని ఆ పిల్లవాణ్ణి తన అరుగు మీద కూర్చోబెట్టుకుని గుండ్రటి అక్షరాలు దిద్దించింది ఆయనే. పదిహేనేళ్ళుగా ఆదివారం ప్రార్థనలో వాడి పేరెత్తి మాట ఇమ్మని అడుగుతున్నది ఆయనే. చర్చిలో ప్రభువు బల్ల వెనక గోడ మీద బైబిలు వాక్యం రాసే పని వాడికి ఇప్పించిందీ ఆయనే.

ఆయన గట్టు మీదకి వెళ్ళి ఏసుపాదాన్ని సూటిగా అడిగేరు, ఆ అమ్మాయి చెప్పింది నిజమేనా అని. అతను నిజమే అన్నట్టు తలూపేడు. అయితే ఆ మాట ఇంకోసారి అనమన్నారు.

ఏసుపాదం కుంచె కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. పెదవులు కదిలేయి. మెడ నరాలు ఉబ్బేయి, నుదుట చెమట పట్టింది. ఏమీ రాలేదు. మేష్టారు అదంతా చూసేరు. అయితే ఆయన అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. అందుకని ఆయనకి అది నటనలాగే కనబడింది.

"పదిహేనేళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేసేవురా" అని వెనక్కి తిరిగేరు.

ఆ ఆదివారమే సంఘం ఆ గోడ మీద పని ఆపించింది. అప్పటికి నాలుగు అక్షరాలకి రంగు పడింది. మిగతా వాక్యం పెన్సిలు గీతల్లో ఉండిపోయింది.

పరీక్షలు మొదలయ్యేయి. వెనకనుంచి వచ్చి పాము పాము అని అరిచినవాళ్ళున్నారు. పనిచ్చి, మాట్లాడితేనే కూలి అన్నవాళ్ళున్నారు. లాకుల దగ్గర సూరయ్య కాఫీ హోటల్లో ఎవరో కాలుతున్న చుట్ట తెచ్చి అతని మోచేతి పైన ఆనించేరు. అతను ఆ అని మూలిగేడు. చూసేరా, గొంతుంది అన్నారు. తల్లి దానమ్మ పట్టుబట్టి అమలాపురం తీసుకెళ్ళి ఒక డాక్టరు గారికి చూపించింది. ఆయన గొంతులోకి లైటు వేసి చూసి, గొంతుకి ఏ లోపమూ లేదన్నారు. మనసులో మాటకీ నోటికీ మధ్య దారి జ్వరంలో తెగిందనీ, ఎప్పుడో ఒక్కొక్కటి దానంతటది జారి పడొచ్చు గానీ పిలిస్తే రాదనీ కూడా అన్నారు. పడవలో వాళ్ళతో పాటు వచ్చినవాళ్ళు ఊరికి మొదటి ముక్క ఒక్కటే మోసుకొచ్చేరు.

చుట్ట కాల్చిన సంగతి తెలిసిన రోజున కృపావతికి అన్నం సయించలేదు. మర్నాడు స్కూలు వదిలేక గట్టు మీదకి నడిచింది. ఏసుపాదం వేరే పడవకి అక్షరాలు గీస్తున్నాడు. మోచేతి పైన గుడ్డ కట్టి ఉంది. చెప్పాలనుకున్నది ఆమెకి ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి, తను నిజమే చెప్పింది కదా అన్న మొండితనమే నోటికొచ్చింది.

"మీరు మాట్లాడేరండీ. నేను విన్నాను."

ఏసుపాదం ఆమె కేసి ఒకసారి చూసి, జేబులోంచి సుద్దముక్క తీసి, పడవ చెక్క మీద రాసేడు.

'నేనూ విన్నానండి. పదిహేనేళ్ళ తర్వాత.'

కృపావతి అది రెండుసార్లు చదువుకుంది. ఆ వేళ అతను ఆమె ముందు నిలబడి ఇంకెక్కడో వింటున్నట్టు ఎందుకున్నాడో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది. ఒకసారి వచ్చినది మళ్ళీ ఎందుకు రాదండీ అంది.

అతను రాసేడు. 'తుమ్మండి.'

"ఏమిటండీ?"

'ఇప్పుడే. నేను అడిగేను కాబట్టి.'

కృపావతి నిజంగానే ప్రయత్నించింది. ముక్కు చిట్లించింది, ఆకాశం కేసి చూసింది. పడవ మీద ఎండబెట్టిన గోనెలు దులిపి దుమ్ము పీల్చింది. రాలేదు. అతని కళ్ళలో నవ్వు చూసి ఆమెకీ నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది.

"మీ చెయ్యి కాలింది నా మూలానండీ" అంది.

'చుట్ట మూలాన' అని రాసేడతను.

ఆ రాత్రి భోజనాల దగ్గర కృపావతి పెదనాన్నకి తుమ్ము సంగతి చెప్పి, మీరు ఇప్పుడు తుమ్మగలరా అని అడిగింది. ఆయన మాట్లాడకుండా పొడుం డబ్బీ తీసి, ఓ పట్టు పట్టి, ఇల్లదిరేలా తుమ్మేరు. బుద్ధి ఉంటే అన్నీ వస్తాయమ్మా అన్నారు. వాదించి గెలిచే పని కాదని ఆమెకి ఆ రోజే అర్థమైంది.

స్కూలుకి దారి గట్టు మీంచే. అందుకని రోజూ సాయంత్రం కాసేపు ఆగడం అలవాటైంది. ఊరందరికీ కనబడేలా, గట్టు మీదే, ఇటు ఆమె అటు అతను, మధ్యన పడవ. మొదట్లో అతను రాస్తూ ఉండగానే ఆమె మిగతాది ఊహించి చెప్పేసేది. సగం తప్పేది. ఒకరోజు అతను రాయడం ఆపి, సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, మీరే పూర్తి చెయ్యండి అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఆమె ఆగడం నేర్చుకుంది. ఆగితే అతను చమత్కారాలు కూడా రాస్తాడని తెలిసింది. చినుకులు పడ్డప్పుడు రాసినది రాసినట్టే చెరిగిపోయేది. అప్పుడు ఇద్దరూ ఊరికే వాన చూసేవారు.

పడవల యజమాని చిన్నబ్బాయి గారొక్కరే ఈ గొడవేదీ పట్టించుకోలేదు. మూగవాడో కాడో తేల్చమని ఎవరో ఆయన దగ్గరికెళితే, నాకు అక్షరాలు కావాలి గానీ మాటలెందుకయ్యా అన్నారు.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం దానమ్మ స్కూలు గుమ్మం దగ్గరకొచ్చింది. పీచు తాళ్ళు పేనే మనిషి. చేతులు కాయలు కాసి ఉన్నాయి. కళ్ళు వాచి ఉన్నాయి.

"మొన్న నేనూ అడిగేసేనండి, పంతులమ్మగారూ. ఊరంతా అంటుంటే నాకూ అనుమానం పురుగు పట్టింది. నాతోనైనా చెప్పరా అయ్యా, నిజంగా రాదా అని అడిగేనండి. కన్నతల్లిని. వాడు నాకేసి చూసిన చూపు… అప్పట్నించి ఇంట్లో పలక ముట్టుకోవటం లేదండి."

ఆమె అడిగింది ఒక్కటే. తప్పు విన్నానని పంతులమ్మగారు చెప్పేస్తే చాలు. అరిచింది ఇంకెవరో అని ఒక్క మాట. ఆవిడ మాట మీదే అంతా అయింది కాబట్టి, ఆవిడ మాట మీదే పోతుంది. కొడుకు మళ్ళీ మునపటిలా బతుకుతాడు.

కృపావతి రాత్రంతా ఆలోచించింది. బైబిలు పట్టుకుని చెప్పిన మాట. అది అబద్ధమని చెప్పడమే అబద్ధం. అయినా తెల్లారేసరికి ఒప్పుకుంది. అతని చేతి మీద మచ్చ కంటే తన నిజం ఎక్కువేమీ కాదనుకుంది. గట్టు మీదకి వెళ్ళి, ఆదివారం చర్చిలో అలా చెప్పేస్తానని అతనితో అంది.

ఏసుపాదం అడ్డంగా తలూపేడు. జేబులోంచి సుద్దముక్క తీసేడు. ఎప్పుడూ గుండ్రంగా ఉండే అక్షరాలు ఆ రోజు వంకరగా పడ్డాయి.

'వద్దు. ఆ మాట నాది. పదిహేనేళ్ళలో నాకు వచ్చినది అదొక్కటే. మీరు కూడా లేదంటే ఇక అది ఎక్కడా ఉండదు.'

కృపావతి కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి. సరేనంది. ఇంటికి నడుస్తూ ఆలోచించుకుంది. అతను ఆ మాట అన్నాడన్నదీ నిజమే, అతను మాట్లాడలేడన్నదీ నిజమే. ఒకటి వదిలేస్తే ఊరికి సులువు. అతను రెండూ కలిపి మోస్తున్నాడు. తను కూడా ఒక కొస పట్టుకోవాలి. ఆ కొస పట్టుకోవడం పేరు ప్రేమ అని ఆ వేళ ఆమెకి తోచలేదు. సిగ్గు వల్ల కాదు, ఆ వేళ ఆమె దుఃఖంలో ఉంది.

తర్వాత వారం చిన్నబ్బాయి గారు అంతర్వేదిలో కొత్త పడవలు దింపుతూ ఏసుపాదాన్ని అక్కడికి పంపించేరు. ఎన్నికలు కూడా వచ్చేయి. అతనికి ఊరూరా గోడల మీద గుర్తులు వేసే పని దొరికింది. ఎవరూ మాట్లాడమని అడగని చోట ఉండటం ఎంత హాయిగా ఉందో అని తల్లికి రాసేడు. దానమ్మకి చదువు రాదు. ఉత్తరాలు తెచ్చి కృపావతి చేత చదివించుకునేది, జవాబు ఆమె చేతే రాయించేది. మూడో ఉత్తరంలో కింద, చదివేవారికి కూడా నమస్కారములు అని ఉంది. నాలుగో జవాబులో కృపావతి, రాసేవారు కూడా కుశలము అని చేర్చింది. క్రిస్మస్ దాటేసరికి ఆమె పేరనే వేరే కవరు రావడం మొదలైంది.

అవి పొడుగాటి ఉత్తరాలు. సముద్రంలో గోదావరి కలిసేచోట రంగు ఏ గీత దగ్గర మారుతుందో రాసేవాడు. పడవ వాళ్ళ తగువులు రాసేవాడు. పడవల పేర్లలో అక్షరదోషాలు దిద్దబోతే యజమానులు ఎలా కోప్పడ్డారో రాసేవాడు. కృపావతికి ఒక సంగతి తమాషాగా తోచింది. ఉత్తరాల్లో అందరూ నోరు లేనివాళ్ళే. అక్కడ అతను ఎవరికీ తీసిపోడు.

ఏప్రిల్ నెలలో ఆమె రాసింది. 'మీ అమ్మగారు మిమ్మల్ని చూడాలంటున్నారు. నేనూ అంటున్నాను.'

అతను లాంచీ దిగేసరికి కృపావతి రేవులో నిలబడి ఉంది. పెద్దమ్మ సంతకి పంపింది, కూరల సంచీ చేతిలోనే ఉంది. అతను సంచీ అందుకోబోతే ఇవ్వలేదు.

"ముందు నేను చెప్పేది వినండి. చేతులు ఖాళీగా ఉంటే నాకు భయమేస్తుంది. మిమ్మల్ని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. తొందరేం లేదండీ. ఆలోచించుకుని రాయండి."

ఏసుపాదం చొక్కా జేబు తడిమేడు. సుద్దముక్క లేదు. పెన్సిలు లాంచీలో మర్చిపోయేడు. చేతిసంచీ తలకిందులుగా కుమ్మరించేడు. కుంచెలు దొర్లేయి గానీ రాసేదొక్కటీ లేదు. లాంచీ కదిలిపోతోంది. అతని కంగారు చూసి కృపావతి నవ్వాపుకోలేకపోయింది. చివరికి అతను, తలూపితే చాలదా అన్నట్టు ఆమె కేసి చూసేడు.

చాలు అంది కృపావతి.

తలూపేడు. ఒకసారి కాదు.

యేసురత్నం గారు కేకలెయ్యలేదు. కులమా గోత్రమా, సంఘం ఒకటే, దానమ్మ పేదదైనా గౌరవస్తురాలు, దేనికీ అభ్యంతరం లేదన్నారు. ఒక్కటే షరతు పెట్టేరు. పాస్టరు గారు అడిగినప్పుడు వాడు ఔను అని నోటితో అనాలి. ప్రమాదంలో కేక వెయ్యగలిగినవాడు పెళ్ళిలో ఔననలేడా? ఔనంటే పెళ్ళి తానే దగ్గరుండి చేస్తానన్నారు.

"ఆయన అనలేరు పెదనాన్నా."

"అనడు. అనలేకపోవడం వేరు, అనకపోవడం వేరు" అన్నారాయన. ఆ తర్వాత ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటూ నెల్లాళ్ళు సరిగ్గా మాట్లాడుకోలేదు.

పెళ్ళికి ముందు చర్చిలో మూడు ఆదివారాలు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగడం ఆనవాయితీ. రెండు ఆదివారాలు ఎవరూ లేవలేదు. మూడో ఆదివారం యేసురత్నం గారు లేచేరు.

ఆయన గొంతులో కోపం లేదు. ముసలితనం ఉంది. ఈ అబ్బాయి పదిహేనేళ్ళు సంఘం చేత అబద్ధపు ప్రార్థన చేయించేడనీ, నోరుండీ నోటితో మాటివ్వనివాడికి పిల్లనిచ్చి కట్టబెట్టడం తన వల్ల కాదనీ అన్నారు. సాక్షి నా ఇంట్లోనే ఉంది, అడగండి అన్నారు.

అందరూ ఆడవాళ్ళ వేపు తిరిగేరు. కృపావతి చాప మీంచి లేచింది.

"ఆ మాట నేను విన్నానండి. అది నిజం. ఆయన మాట్లాడలేరు. అదీ నిజమే. మొదటిది చెప్పినప్పుడు మీరంతా నన్ను నమ్మేరు. రెండోది చెబుతున్నది కూడా నేనేనండి."

పాస్టరు గారు ఏసుపాదం కేసి చూసి, నువ్వేమైనా చెప్పుకుంటావా అబ్బాయ్ అని అడిగి, చెప్పుకుంటావా అన్నందుకు తానే నొచ్చుకుని, కాగితమూ కలమూ ఇచ్చేరు. ఏసుపాదం కిటికీ గూట్లో కాగితం పెట్టుకుని రాయడం మొదలెట్టేడు. చాలాసేపు రాసేడు. చర్చి అంతా కూర్చునే ఉంది. ఒక మనిషి చెప్పేదాని కోసం అంతసేపు ఆగడం ఆ ఊరికి అలవాటు లేదు. విసనకర్రలు ఊగేయి, పసిపిల్లలు ఏడ్చేరు. రెండుసార్లు ఎవరో దగ్గేరు. పాస్టరు గారు తొందర పెట్టలేదు.

రాయడమైపోయేక అతను కాగితం పాస్టరు గారికివ్వలేదు. యేసురత్నం గారి దగ్గరికి తెచ్చి రెండు చేతులతో ఇచ్చేడు. పైకి చదవమని సైగ చేసేడు.

మేష్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. తాను దిద్దించిన అక్షరాలే. స్కూల్లో పాఠం చదివినట్టు గట్టిగా మొదలెట్టేరు.

"మేష్టారికి నమస్కారములు. నాకు రాయడం నేర్పింది మీరు. మాట్లాడటమే వస్తే మొదటి మాట మీతోనే మాట్లాడి ఉండేవాణ్ణి. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆ రోజు నుంచి రోజూ తెల్లవారుఝామున కాలవ దగ్గర నిలబడి మళ్ళీ రమ్మని అడుగుతున్నాను. మీరు నాకు మాట ఇమ్మని పదిహేనేళ్ళు దేవుణ్ణి అడిగేరు. ఆయన ఒక్కటిచ్చేడు. ఒక మనిషి ప్రాణం దక్కడానికి సరిపోయింది. ఇచ్చినది ఒక్కటే అని మీరు నా మీద…"

అక్కడ ఆగిపోయేరు.

తర్వాతి మాట కళ్ళ ముందే ఉంది. ఆయన పెదవులు కదిలేయి. గొంతు సవరించుకున్నారు. మళ్ళీ ప్రయత్నించేరు. మెడ మీద నరం ఒకటి లేచింది. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, చర్చి అంతా చూస్తుండగా, కాగితం పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయేరు. పాస్టరు గారు ఒక అడుగు ముందుకి వేసి, మళ్ళీ ఆగేరు. ఏసుపాదం మటుకు కదలకుండా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఎంతసేపైనా ఫర్వాలేదన్నట్టు.

చివరికి మేష్టారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

"అభ్యంతరం ఉందా అండీ మేష్టారూ?" అని పాస్టరు గారు నెమ్మదిగా అడిగేరు.

ఆయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపేరు. అది చాలని పాస్టరు గారు పుస్తకంలో రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్న యేసురత్నం గారు కర్ర పట్టుకుని దానమ్మ ఇంటికి వెళ్ళేరు. క్షమించమని అడగడం ఆయనకి ఎప్పుడూ రాలేదు, ఆ రోజూ రాలేదు. గుమ్మంలో నిలబడి, గోడ మీద వాక్యం సగంలో ఉంది, పెళ్ళిలోగా అవుతుందా అన్నారు. ఏసుపాదం పలక తీసుకుని, అవుతుంది గానీ పాత రంగు వెలిసింది, కొత్తది కలవదు, నాలుగు అక్షరాలు తేడాగా కనబడతాయి అని రాసేడు.

"కనబడనీ" అన్నారు మేష్టారు. లోపలికొచ్చి కూర్చున్నారు. దానమ్మ కొబ్బరి బొండం కొట్టి ఇచ్చింది.

జూన్ ఆఖర్న పెళ్ళయింది. పాస్టరు గారు అడిగినప్పుడు ముందు వరసల్లోవాళ్ళు మెడలు సాచి విన్నారు. ఒకవేళ అంటాడేమోనని. పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఏసుపాదం తలూపి, రిజిస్టరులో తన సొంత అక్షరాలతో 'ఔను, సంతోషంగా' అని రాసేడు. సంతోషంగా అన్నది ఆ గడిలో రాయనక్కర్లేదు గానీ పాస్టరు గారు కొట్టెయ్యలేదు. కృపావతి ఔనండి అన్నది మాత్రం వీధిలో గొడుగులు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి కూడా వినబడింది.

నమ్మనివాళ్ళు ఆ తర్వాతా ఉన్నారు. ఒక ఉత్తరానికి ఊరంతా మారదు కదా. కాఫీ హోటలు సూరయ్య వాళ్ళల్లో ఒకడు. చెడ్డవాడు కాదు గానీ ఆరా ఎక్కువ. ఆగస్టులో ఒక సాయంత్రం వానలో స్కూలు నుంచి వస్తున్న కృపావతిని ఆపి, గొంతు తగ్గించి అడిగేడు.

"మీరేమీ అనుకోకండి, పంతులమ్మగారూ. ఇంట్లో మాట్లాడతాడాండీ?"

"ఆయ్, మాట్లాడతారండీ" అంది కృపావతి. "నాకే సందివ్వరు."

సూరయ్య ఆమె మొహంలోకి చూసేడు. నవ్వుతోందో లేదో గొడుగు నీడలో తెలియలేదు. ఆ జవాబుకి అర్థమేమిటని ఆ వారమంతా వచ్చినవాడినల్లా అడిగేడు గానీ, ఏ ఇద్దరూ ఒకటే చెప్పలేదు.

కృపావతి ఇంటికి చేరేసరికి ఏసుపాదం గుమ్మంలోనే ఉన్నాడు. ఇవాళ ఇంత ఆలస్యమేం అని మొదలుపెట్టి, పొద్దుటి నుంచి జరిగినవన్నీ పలక నిండా రాసి ఉంచేడు. చోటు చాలక వెనక కూడా తిప్పేడు. ఆమె గొడుగు మూసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, వినడానికి కూర్చుంది.